టైమర్ కోడ్‌కు ప్రాసెసర్ పేరుతో ఏం పని? మోటర్ స్టార్టర్ కెర్నల్ పోర్టింగ్‌పై ఒక కేస్ స్టడీ

హన్మకొండలో మేం తయారుచేసేది వ్యవసాయ మోటర్లకు బిగించే కంట్రోలర్ బోర్డు. బోరు దగ్గర స్టార్టర్ డబ్బాలో ఉండి మూడు ఫేజులూ సరిగ్గా వస్తున్నాయో లేదో చూసుకుంటుంది, మోటరును ఎక్కిస్తుంది, దించుతుంది, రైతు ఫోన్‌కు మెసేజ్ పెడుతుంది. లోపల నడిచేది మేం రాసుకున్న చిన్న కెర్నల్, అంటే మిగతా పనులన్నిటినీ నడిపించే మూల సాఫ్ట్‌వేర్. లైనక్స్ పట్టే చోటు కాదది. 20 కిలోబైట్ల ర్యామ్‌లో టాస్కులు, క్యూలు, టైమర్లు అన్నీ ఇమడాలి.

ఆ కెర్నల్ పుట్టింది ఎస్‌టీఎం32ఎఫ్103 అనే మైక్రోకంట్రోలర్ చిప్ మీద. ఆర్మ్ కార్టెక్స్-ఎం3 కోర్, 72 మెగాహెర్ట్జ్. 2021లో చిప్‌లకు కరువొచ్చినప్పుడు అది దొరకడమే గగనమైంది. దొరికిన చోట ధర వింటే నోట మాట రాలేదు. అందుకని కెర్నల్‌ను జీడీ32వీఎఫ్103 అనే ఇంకో చిప్ మీదికి మార్చాలనుకున్నాం, పోర్టింగ్ అంటే అదే. పెరిఫెరల్స్, అంటే కోర్ చుట్టూ ఉండే అనుబంధ భాగాలు, చాలావరకు పాత చిప్ తరహాలోనే ఉంటాయి గానీ కోర్ మాత్రం 108 మెగాహెర్ట్జ్ రిస్క్-ఫైవ్, ఆర్మ్ కాని వేరే ఆర్కిటెక్చర్. సీరియల్ పోర్టు, ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) డ్రైవర్లు పెద్దగా మొండికేయలేదు. కాంటెక్స్ట్ స్విచ్‌ను, అంటే ఒక టాస్కు నుంచి ఇంకో టాస్కుకు మారే కోడ్‌ను, అసెంబ్లీలో మళ్లీ రాయాల్సిందేనని ముందే తెలుసు, రాసేశాం. పనంతా టైమర్ దగ్గర ఇరుక్కుంది.

మోటరుకు కాలంతో ఉన్న లెక్కలు

తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి మొదలైంది. అంతకుముందు విడతలుగా వచ్చేది కాబట్టి, రాత్రి ఎప్పుడొచ్చినా మోటరు దానంతటదే ఎక్కాలని ఊరూరా ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. వాటితో వచ్చిన తంటా పరకాల వైపు ఒక రైతు మాటల్లో: "కరెంటు రాంగనే అన్ని మోటర్లు ఒక్కసారే ఎక్కుతయి సారూ. ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫ్యూజు పోతది. మల్ల లైన్‌మన్ కోసం తిరుగుడే."

అందుకే మా బోర్డు కరెంటు వచ్చిన వెంటనే మోటరు ఎక్కించదు. తన సీరియల్ నంబరును బట్టి 60 నుంచి 120 సెకన్ల దాకా ఆగుతుంది, పక్క బోరు బోర్డు ఇంకోసేపు ఆగుతుంది. కరెంటు లేనప్పుడూ చిన్న బ్యాటరీ మీద బోర్డు మేలుకునే ఉంటుంది. బోరులో నీళ్లు అయిపోతే మోటరు తీసుకునే ఆంపియర్లు పడిపోతాయి. అలా వరసగా 20 సెకన్లు కనిపిస్తే డ్రై రన్ అని ఆపేసి, నీళ్లు ఊరేదాకా అరగంట ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఇవి గాక ఎనర్జీ మీటరుతో మోడ్‌బస్ అనే సీరియల్ ప్రోటోకాల్‌లో మాటామంతీ ఉంది, అందులో లెక్క మిల్లీసెకన్లలో, కొన్నిచోట్ల మైక్రోసెకన్లలో. అంటే మైక్రోసెకను నుంచి అరగంట దాకా అన్ని కొలతలూ ఒకే టైమర్ కోడ్ మీద ఆధారపడ్డాయి.

పాత కోడ్ ఎలా ఉండేదంటే, కార్టెక్స్-ఎం కోర్‌లోనే ఉండే సిస్‌టిక్ అనే టైమర్ ప్రతి మిల్లీసెకనుకూ ఒక ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి ఇటు చూడమనే పిలుపు, దీన్నే టిక్ అంటాం) ఇస్తుంది, ఆ ఇంటరప్ట్‌లో ఒక 32 బిట్ల గ్లోబల్ వేరియబుల్‌కు ఒకటి కలుపుతాం. కాలం అంటే ఆ వేరియబులే. ఎవరికి కావాలన్నా నేరుగా చదువుకుంటారు. మైక్రోసెకన్లు కావలసిన డ్రైవర్లు ఇంకో అడుగు ముందుకేసి సిస్‌టిక్ రిజిస్టర్‌నే తొంగిచూసేవి, 72తో భాగించేవి. ఆ 72 అనే అంకె ఎన్ని ఫైళ్లలో దాక్కుందో వెతికితే గానీ తెలియలేదు.

పేర్లు మార్చితే పని కాలేదు

పోర్టింగ్ అనగానే ఎవరికైనా తట్టేది, సిస్‌టిక్ ఉన్న చోట రిస్క్-ఫైవ్ టైమర్‌ను పెట్టి, చుట్టూ ఇఫ్‌డెఫ్ (ఈ చిప్ అయితే ఈ కోడ్, ఆ చిప్ అయితే ఆ కోడ్ అని కంపైలర్‌కు చెప్పే షరతు) కంచె వేయడం. మొదటి ముసాయిదా అదే పద్ధతిలో వచ్చింది. బోర్డు మీదికి ఎక్కించాక మా కుర్రాడు వచ్చి, "అన్నా, బోర్డు లేస్తలేదు. లేచినట్టే లేచి మళ్ల రీసెట్ అయితున్నది" అన్నాడు.

కారణం చూస్తే రెండు టైమర్ల స్వభావాల్లోనే తేడా ఉంది. సిస్‌టిక్ సున్నాకు దిగగానే దానంతటదే మళ్లీ నిండుతుంది, ఇంటరప్ట్ హ్యాండ్లర్ (ఇంటరప్ట్ వచ్చినప్పుడు నడిచే కోడ్) దాన్ని ముట్టుకోనక్కర్లేదు. రిస్క్-ఫైవ్‌లో అలా కాదు. ఎమ్‌టైమ్ అనే 64 బిట్ల కౌంటర్ ఆగకుండా పైకి పోతూనే ఉంటుంది. ఎమ్‌టైమ్‌సీఎమ్‌పీ అనే రిజిస్టర్‌లో ఉన్న విలువకు అది సమానమైనా, దాన్ని దాటినా ఇంటరప్ట్ నిలబడే ఉంటుంది. హ్యాండ్లర్ కొత్త విలువ రాసేదాకా అది దిగదు. పాత హ్యాండ్లర్ అలవాటు ప్రకారం ఒకటి కలిపి వెనక్కి వచ్చేసింది. వచ్చీరాగానే మళ్లీ ఇంటరప్ట్, మళ్లీ హ్యాండ్లర్. టాస్కులకు ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా దక్కక వాచ్‌డాగ్ (సాఫ్ట్‌వేర్ ఇరుక్కుపోతే బోర్డును మళ్లీ మొదలుపెట్టించే కాపలా టైమర్) రీసెట్ కొట్టేది.

సరే, హ్యాండ్లర్‌లో కొత్త విలువ రాయాలి. ఏం రాయాలి? ఆ చిప్‌లో ఎమ్‌టైమ్ నడిచేది కోర్ వేగంలో నాలుగో వంతుతో, అంటే 27 మెగాహెర్ట్జ్‌తో. మిల్లీసెకనుకు 27,000. మాకు దొరికిన ఒక నమూనా కోడ్‌లో "ఇప్పటి ఎమ్‌టైమ్‌కు 27,000 కలుపు" అని ఉంది. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ హ్యాండ్లర్‌లోకి చేరేసరికే సగటున 2 మైక్రోసెకన్లు గడిచాయనుకుంటే, ఆ రెండూ ప్రతి టిక్‌లోనూ పోయినట్టే. వెయ్యికి రెండు చొప్పున, రోజుకు దాదాపు 173 సెకన్లు గడియారం వెనకబడుతుంది. కలపాల్సింది ఇప్పటి సమయానికి కాదు, కిందటిసారి రాసిన గడువుకు. అప్పుడు హ్యాండ్లర్ ఎంత ఆలస్యంగా వచ్చినా తర్వాతి గడువు చెక్కుచెదరదు.

లాగ్‌లో 159 సెకన్లు

బోర్డు నడిచింది. టెస్ట్ బెంచ్ మీద వదిలేసి లాగ్ చూస్తుంటే, ఎప్పుడో ఒకసారి ఒకే ఒక్క లైన్ టైమ్ 159 సెకన్లు ముందుకు దూకి, తర్వాతి లైన్ మళ్లీ మామూలుగా కనిపించేది. రోజుల తరబడి రాకపోవచ్చు, ఒకే మధ్యాహ్నం రెండుసార్లు రావచ్చు. ఇలాంటివాటికి వోల్టేజ్ నాయిస్ అని పేరు పెట్టి పక్కన పడేయడం మన ఫీల్డ్‌లో పరిపాటి. ఈ అంకె మాత్రం ఎప్పుడొచ్చినా అంతే ఉండటంతో అనుమానం తగిలింది. 2 మీద 32ను 27 మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే సరిగ్గా 159.07 సెకన్లు. ఎమ్‌టైమ్ కింది సగం నిండి మళ్లీ సున్నాకు వచ్చే వ్యవధి అది.

సీ భాషలో 64 బిట్ల పాయింటర్‌తో ఎమ్‌టైమ్ చదివితే ఒక్క లైనే. 32 బిట్ల ప్రాసెసర్‌కు అది రెండు లోడ్లు. కంపైలర్ కింది సగాన్ని ముందు చదివింది, అది అన్ని బిట్లూ ఒకట్లతో నిండి ఉంది. పై సగం చదివేలోపు కౌంటర్ ఒక అడుగు వేసింది, లేదా సిమ్ మాడ్యూల్ నుంచి సీరియల్ ఇంటరప్ట్ మధ్యలో దూరింది. పై సగం ఒకటి పెరిగింది. పాత కింది సగం, కొత్త పై సగం కలిసి ఎన్నడూ లేని కాలాన్ని చూపించాయి.

లాగ్‌లో ఒక లైన్ తప్పుగా పడితే ఎవరికీ నష్టం లేదు. అదే తప్పు విలువ టైమర్ గడువులను చూసే చోట పడితే, రాబోయే 159 సెకన్లలో ముగియాల్సిన టైమర్లన్నీ ఒక్కసారే మోగుతాయి. 90 సెకన్లు ఆగాల్సిన మోటరు అప్పుడే ఎక్కేస్తుంది. కొత్త గడువు లెక్కగట్టే చోట పడితే ఇంకా ప్రమాదం. 20 సెకన్ల డ్రై రన్ కాపలా 179 సెకన్లవుతుంది, నీళ్లు లేని బోరులో మోటరు మూడు నిమిషాలు పొడిగా తిరుగుతుంది.

రిస్క్-ఫైవ్ మీద దీనికి మందు అందరికీ తెలిసిందే: పై సగం, కింది సగం, మళ్లీ పై సగం చదవాలి, రెండు పై సగాలూ కలవకపోతే మొదటికి రావాలి. రాసేటప్పుడు కూడా ఒక వరస ఉంది. ముందు ఎమ్‌టైమ్‌సీఎమ్‌పీ కింది సగంలో అన్నీ ఒకట్లు, తర్వాత కొత్త పై సగం, చివర్న అసలు కింది సగం. లేకపోతే మధ్యలో ఒక్క క్షణం ఆ రిజిస్టర్ పాతదానికన్నా, కొత్తదానికన్నా చిన్న విలువతో నిలబడి దొంగ ఇంటరప్ట్ లేపుతుంది.

ఇక్కడ ఆగిపోయి ఉంటే పోర్టింగ్ అయిపోయినట్టే లెక్క. ఆపకపోవడానికి కారణం ఏమిటంటే, దొరికిన ప్రతి లోపమూ ఒకే మూలం నుంచి వస్తోంది. మా కెర్నల్ మధ్య భాగం టైమర్ గురించి ఏవేవో అనుకుంటోంది, వాటిని ఎక్కడా రాసి పెట్టలేదు. ఇఫ్‌డెఫ్ పెట్టిన కొద్దీ ఆ ఊహలు ఇంకా లోపలికి దాక్కుంటాయి.

గడియారం వేరు, అలారం వేరు

ఇది మేం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. లైనక్స్ ఈ బాధలన్నీ ముందే పడింది. ఒకప్పుడు ఒక్కో ఆర్కిటెక్చర్‌కూ దాని సొంత టైమ్ కోడ్, దాని సొంత టిక్ వేగం. ఎక్స్86 (పీసీ ప్రాసెసర్లు) మీద 2.4 వెర్షన్ కాలంలో సెకనుకు 100 టిక్కులు, 2.6లో 1000, 2.6.13 నుంచి డిఫాల్ట్ 250. ఆల్ఫా ప్రాసెసర్ మీద 1024. 2006లో వచ్చిన 2.6.18లో జాన్ స్టల్ట్జ్ చేసిన పనితో "ఇప్పుడెంత?" అన్న ప్రశ్న టిక్ నుంచి విడిపడి క్లాక్‌సోర్స్ అయింది. 2007లో 2.6.21తో థామస్ గ్లైక్స్‌నర్ తదితరుల క్లాక్ ఈవెంట్స్ వచ్చి "నన్ను ఫలానా అప్పుడు లేపు" అన్నదాన్నీ వేరు చేసింది. ఫ్రీబీఎస్‌డీలో పౌల్-హెన్నింగ్ కాంప్ టైమ్‌కౌంటర్లు ఇదే ఆలోచనతో అంతకు ముందే ఉన్నాయి.

గోడ గడియారాన్నీ, తల దగ్గర పెట్టుకునే అలారాన్నీ ఒకే వస్తువు అనుకోవడం సిస్‌టిక్ మనకు నేర్పే చెడ్డ అలవాటు. అందులో రెండూ ఒకే 24 బిట్ల కౌంటర్‌లో కట్టేసి ఉంటాయి. అలారం మార్చాలని మళ్లీ నింపితే గడియారం చెదిరిపోతుంది. 72 మెగాహెర్ట్జ్ మీద దానికి పట్టే గరిష్ఠ వ్యవధి 233 మిల్లీసెకన్లే. అందుకని కొత్త అమరికలో ఎస్‌టీఎం చిప్‌లో సిస్‌టిక్‌ను పూర్తిగా పక్కన పెట్టేశాం. ఆగకుండా తిరిగే 16 బిట్ల జనరల్ పర్పస్ టైమర్‌ను 1 మెగాహెర్ట్జ్‌తో నడిపి, అలారానికి దానిలోనే ఉన్న కంపేర్ రిజిస్టర్‌ను (కౌంటర్‌తో పోల్చి చూసే గడువు రాసే చోటు) వాడాం.

డ్రైవర్ ఇప్పుడు కెర్నల్‌కు చెప్పాల్సింది చాలా తక్కువ. కౌంటర్‌ను ఎలా చదవాలి, ఎన్ని బిట్లు, ఎంత వేగం. అలారం ఎంత దగ్గరగా పెట్టొచ్చు, ఎంత దూరం పెట్టొచ్చు. అంతే. టైమర్ల క్యూ, గడువుల లెక్క, నిద్ర, గడియారం చుట్టు తిరిగినప్పుడు కూడుకోవడం, ఇవన్నీ ఉమ్మడి కోడ్ పని. కౌంటర్ కిందికి దిగేదైతే డ్రైవరే తిప్పి పైకి పోయేదిగా చూపించాలి.

వేగం అన్న ఒక్క మాటలోనే చాలా ఉంది. ఎమ్‌టైమ్ ఎంత వేగంతో నడవాలో రిస్క్-ఫైవ్ స్పెసిఫికేషన్ చెప్పదు, అది బోర్డు చేసినవాడి ఇష్టం. లైనక్స్ దాన్ని డివైస్ ట్రీ (బోర్డులో ఏమేం ఉన్నాయో చెప్పే వివరాల ఫైలు) నుంచి తెలుసుకుంటుంది. ఆర్మ్‌లో పెద్ద కోర్లకు ఉండే జెనరిక్ టైమర్‌కు వేగం చెప్పే రిజిస్టర్ ఉంది గానీ, అందులో సరైన అంకె పెట్టాల్సింది ఫర్మ్‌వేరే. కాబట్టి ఆ విలువను ఆర్కిటెక్చర్ ఫోల్డర్‌లో రాస్తే వచ్చే బోర్డుతోనే తప్పుతుంది.

సమానమా, దాటితేనా?

అన్నిటికన్నా ఎక్కువ తల తిన్నది ఇదే. రిస్క్-ఫైవ్ అలారం గడువు దాటిపోయాక పెట్టినా వెంటనే మోగుతుంది, ఎందుకంటే అది "సమానం లేదా ఎక్కువ" అని చూస్తుంది. ఎస్‌టీఎం టైమర్ కంపేర్ అలా చూడదు, సరిగ్గా సమానమైన క్షణంలోనే మోగుతుంది. మిప్స్ ప్రాసెసర్ల కౌంట్-కంపేర్ జంట, పీసీల్లోని హెచ్‌పీఈటీ టైమర్ కూడా ఈ జాతివే. ఇప్పటి నుంచి 3 మైక్రోసెకన్లకు అలారం పెట్టాలనుకుని, రాసేలోపు 4 గడిచిపోతే, కౌంటర్ పూర్తిగా ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా అది మోగదు. 16 బిట్లు, 1 మెగాహెర్ట్జ్ అంటే 65.5 మిల్లీసెకన్ల ఆలస్యం. 32 బిట్ల కౌంటరైతే ఆలస్యం గంట దాటుతుంది.

అందుకే అలారం పెట్టే ఫంక్షన్‌కు ఒక నియమం పెట్టాం: రాసిన తర్వాత కౌంటర్‌ను మళ్లీ చదవాలి. గడువు దాటిపోయి ఉంటే "ఆలస్యమైంది" అని చెప్పాలి. అప్పుడు ఉమ్మడి కోడ్ ఆ టైమర్‌ను అక్కడికక్కడే నడిపిస్తుంది. రిస్క్-ఫైవ్ డ్రైవర్‌కు ఈ తనిఖీ అక్కర్లేదు, దానిలో ఎప్పుడూ "సరే" అనే వస్తుంది. లైనక్స్ క్లాక్ ఈవెంట్స్‌లోనూ ఇలాంటి ఒప్పందమే ఉంది.

"జీడీ చిప్‌లోనూ ఎస్‌టీఎంను పోలిన టైమర్లున్నాయి కదా, వాటినే వాడితే ఈ గొడవే ఉండేది కాదు కదా" అని ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. వాడొచ్చు. ఆ ఒక్క చిప్ వరకు పని గడిచిపోయేది కూడా. కానీ దాన్నిబట్టే తెలుస్తుంది, టైమర్ అనేది ప్రాసెసర్ ఆర్కిటెక్చర్‌కు చెందిన విషయం కాదని. ఆర్మ్ చిప్‌లో ఉన్న టైమరే రిస్క్-ఫైవ్ చిప్‌లో ఉండొచ్చు, ఒకే ఆర్కిటెక్చర్ ఉన్న రెండు చిప్‌లలో వేర్వేరు టైమర్లు ఉండొచ్చు. లైనక్స్‌లో టైమర్ డ్రైవర్లకు విడిగా క్లాక్‌సోర్స్ ఫోల్డర్ ఉండటం ఇందుకే. మేం ఎమ్‌టైమ్‌నే ఉంచుకున్నాం. 64 బిట్లు 27 మెగాహెర్ట్జ్‌తో నిండాలంటే 21 వేల ఏళ్లు దాటాలి. చుట్టు తిరిగే బెడద అక్కడ లేదు.

గుణకారం, షిఫ్టు

కౌంటర్ అంకెను నానోసెకన్లు చేయాలి. భాగహారం ఖరీదు, పైగా అన్ని వేగాలూ 72లా, 27లా గుండ్రంగా ఉండవు. మా ఆటోమేటిక్ టెస్టుల కోసం కెర్నల్‌ను క్యూఎము ఎమ్యులేటర్‌లో ఎక్స్86 మీద కూడా నడుపుతాం. అక్కడి పాత పీఐటీ టైమర్ వేగం 1.193182 మెగాహెర్ట్జ్. మిల్లీసెకనుకు 1193 అని తెంపేస్తే రోజుకు 13 సెకన్లు తేడా వస్తుంది. అందుకని అందరూ చేసేదే చేశాం: ఒక పెద్ద పూర్ణాంకంతో గుణించి, కొన్ని బిట్లు కుడికి జరపడం. 27 మెగాహెర్ట్జ్‌కు, 24 బిట్ల షిఫ్టుతో గుణకం 62,13,78,370. దశాంశం తెంచినందుకు వచ్చే దోషం వందకోట్లలో ఒక వంతు కూడా ఉండదు. క్రిస్టల్‌కే పది లక్షలకు 20 వంతుల తేడా ఉంటే రోజుకు 1.7 సెకన్లు పోతాయి, దాని ముందు ఇది లెక్కలోకే రాదు.

దీనిలో ఒక మెలిక ఉంది. 64 బిట్లలో ఆ గుణకారం పట్టాలంటే రెండు లెక్కల మధ్య గడిచిన కాలం 2 మీద 40 నానోసెకన్లు, అంటే సుమారు 18 నిమిషాలు దాటకూడదు. అరగంట నిద్రపోయే బోర్డు మాది. కాబట్టి పనేమీ లేకపోయినా ఉమ్మడి కోడ్ ఆ లోపు ఒకసారి లేచి కాలాన్ని కూడుకుంటుంది. 16 బిట్ల ఎస్‌టీఎం టైమర్ మీద ఈ లేవడం 65 మిల్లీసెకన్ల లోపే జరగాలి. అయినా సెకనుకు వెయ్యి ఇంటరప్టులతో పోలిస్తే బ్యాటరీకి చాలా హాయి.

దొంగ గడియారంతో పరీక్ష

159 సెకన్ల లోపం మళ్లీ అలా యాదృచ్ఛికంగా దొరకాలని ఎదురుచూడటం నాకు ఇష్టం లేదు. అందుకని ఏ హార్డ్‌వేరూ లేని ఒక ఉత్తుత్తి టైమర్ డ్రైవర్ రాశాం. దాని బిట్లు 8, 16, 24, 32 ఎన్నయినా పెట్టొచ్చు, అలారం సమానానికి మోగాలా, దాటితే మోగాలా అనేదీ మార్చొచ్చు. ప్రతి పరీక్షా కౌంటర్ నిండటానికి కొద్ది ముందే మొదలవుతుంది. లైనక్స్ కూడా తన జిఫ్ఫీస్ (టిక్కుల) లెక్కను సున్నాతో మొదలుపెట్టదు, బూట్ అయిన 5 నిమిషాలకే చుట్టు తిరిగేలా మొదలుపెడుతుంది. సెకనుకు 1000 టిక్కులైతే 49.7 రోజుల తర్వాత కస్టమర్ దగ్గర బయటపడే లోపం డెవలపర్ టేబుల్ మీదే బయటపడాలని. మా పాత మిల్లీసెకన్ల వేరియబుల్ కూడా అదే 49.7 రోజులకు తిరిగేది. గడువును "ఇప్పటికన్నా పెద్దదా" అని నేరుగా పోల్చిన చోట్లన్నీ ఈ పరీక్షలో వరసగా రాలిపడ్డాయి. వాటిని, ఒక సమయం నుంచి ఇంకోటి తీసివేసి వచ్చిన తేడా ప్లస్సా మైనస్సా అని చూసే పద్ధతికి మార్చాం.

టిక్ పోవడం వల్ల అనుకోకుండా బాగుపడింది మోడ్‌బస్. రెండు ఫ్రేముల మధ్య మూడున్నర అక్షరాల ఖాళీ ఉండాలి. 9600 బాడ్ దగ్గర అది 4 మిల్లీసెకన్లు, 19200 దాటితే 1.75 మిల్లీసెకన్లు. మిల్లీసెకన్ టిక్‌తో 1.75ను ఎలా కొలుస్తాం? 2 అనుకుని, ఇంకోటి కలిపి, మీటర్ జవాబు రాకపోతే మళ్లీ అడిగి నెట్టుకొచ్చేవాళ్లం. ఇప్పుడు అలారం నేరుగా 1750 మైక్రోసెకన్లకు పెడుతున్నాం.

తర్వాత ఈఎస్‌పీ32-సీ3 మీద వైఫై రకం బోర్డు మొదలుపెట్టాం. అదీ రిస్క్-ఫైవే, కానీ మేం వాడేది ఎమ్‌టైమ్ కాదు. దానికి 52 బిట్ల సిస్‌టైమర్ ఉంది, వేగం 16 మెగాహెర్ట్జ్. చదవాలంటే ముందు ఒక బిట్ రాసి, విలువ సిద్ధమైందని అది చెప్పేదాకా ఆగాలి. టైమర్ వైపు కొత్తగా రాసింది ఆ ఒక్క డ్రైవర్ ఫైలే, ఉమ్మడి కోడ్‌ను ముట్టుకోలేదు. ఇంకా మిగిలి ఉన్నది ఎస్‌టీఎం బోర్డు స్టాప్ మోడ్ అనే గాఢ నిద్ర. అందులో ప్రధాన క్లాకులే ఆగిపోతాయి కాబట్టి నిద్రలో కాలాన్ని 32.768 కిలోహెర్ట్జ్ ఆర్‌టీసీ (నిద్రలోనూ విడిగా నడిచే చిన్న గడియారం) మోయాలి. ఒక గడియారం నుంచి ఇంకో గడియారానికి మారిన ప్రతిసారీ 30 మైక్రోసెకన్ల దాకా అటూ ఇటూ అవుతుంది. ప్రస్తుతానికి నిద్ర లేచాక ఆర్‌టీసీ అంచు మారేదాకా ఆగి, ఆ క్షణాన కౌంటర్ చదివి సరిచేస్తున్నాం. కొద్దిగా బ్యాటరీ తింటుంది, అయినా డ్రై రన్ లెక్క తప్పడం లేదు.